కల అంటే చేప

మా బీరువా పై అరలో పాత బిస్కట్ల డబ్బా ఒకటుంది. ఇల్లు మారినప్పుడల్లా మావారు "ఇంకా ఈ రేకు డబ్బా ఎందుకు?" అని అడుగుతూనే ఉన్నారు, నేను దాన్ని పట్టుచీరల మధ్య పెట్టి మోసుకొస్తూనే ఉన్నాను. అందులో నగల్లేవు, పొలం కాగితాల్లేవు. ఫిన్లాండు స్టాంపులంటించిన ఉత్తరాలున్నాయి. మొదటిది 1974 నాటిది. నేనప్పుడు హనుమకొండలో పదో తరగతి చదువుతున్నాను.

కలం స్నేహం అంటే ఇప్పటి పిల్లలు నవ్వుతారు కాబోలు. ఆ రోజుల్లో అదొక పెద్ద మోజు. ఫిన్లాండులో తుర్కు అనే పట్టణం ఉంది. అక్కడ ఇంటర్నేషనల్ యూత్ సర్వీస్ అనే సంస్థ 1952 నుంచీ ఇదే పనిగా పెట్టుకుంది. మన వయసూ, ఇష్టాయిష్టాలూ, ఏ దేశం వాళ్లతో స్నేహం కావాలో ఒక కాగితం మీద రాసి, కొద్దిపాటి రుసుం కడితే, భూమికి అవతలి పక్కనున్న మన ఈడు పిల్ల పేరూ చిరునామా పంపేవాళ్లు. పెళ్లిళ్ల పేరయ్యలాగా అన్నమాట, కట్నాల గొడవ ఒక్కటే ఉండదు. 2008లో ఆ సంస్థ మూతపడింది. ఇంటర్నెట్టు వచ్చాక పేరయ్యతో ఎవరికేం పని?

మా ఇంగ్లీషు టీచరు తెచ్చిన కాగితంలో నేను 'ఏ దేశమైనా సరే' అని రాశాను. కుదిరింది ఫిన్లాండు పిల్లే. వాళ్లది కయాని అనే చిన్న ఊరు. మా నాయన కవరు మీది పేరు చూసి "ఓహో, హెల్సింకీ వాళ్లా!" అన్నాడు. 1952లో హెల్సింకీలో ఒలింపిక్సు జరిగాయి. మన ఫుట్‌బాల్ జట్టుకు కోచ్ హైదరాబాదు మనిషి, రహీం సాబ్. మనవాళ్లలో చాలామంది బూట్లు లేకుండా వట్టి కాళ్లతో ఆడి, యుగోస్లావియా చేతిలో 10-1 తేడాతో ఓడిపోయారు. మా నాయనకు ఫిన్లాండు అంటే ఆ చలీ, ఆ వట్టి కాళ్లూ. నాకు మాత్రం ఆ పిల్ల పంపిన ఫోటోలో నడుముల్దాకా పేరుకున్న మంచు, దాని పక్కన ఎర్రటి ఊలు టోపీ.

ఇద్దరం ఇంగ్లీషులోనే రాసుకునేవాళ్లం. ఇద్దరికీ అది అద్దె ఇల్లే. తనూ నిఘంటువు ముందేసుకునేది, నేనూ ముందేసుకునేదాన్ని. ఏ మాటకు ఏ మాట వాడాలో తెలియక ఇద్దరం ఒకే రకం తప్పులు చేసేవాళ్లం కాబట్టి భేషుగ్గా అర్థమయ్యేది.

నాలుగో ఉత్తరంలోనో అయిదో ఉత్తరంలోనో మాటల ఆట మొదలైంది. నేను "దీన్ని మా అన్న పోస్టు చేస్తాడు" అని, అన్న అనే మాటను తెలుగు మాటగానే రాశాను. వాళ్ల భాషలో 'అన్న' అంటే 'ఇవ్వు' అట! మరి మా అన్న సంగతి తెలిస్తే, ఇచ్చే రకం కాదని తెలుసుకునేది. ఇంక అక్కణ్ణించి ఇద్దరం మాటలు ఏరుకోవడం మొదలుపెట్టాం. వాళ్లకు 'పూ' అంటే చెట్టు. మనం పువ్వునే చూస్తాం, వాళ్లు చెట్టునంతా చూస్తారు. 'మా' అంటే నేల, దేశం. 'మే' అంటే మేము! ఇదొక్కటీ కలిసిందని ఇద్దరం ఎగిరి గంతేశాం. 'కల' అంటే చేప. మా భాషలో కల అంటే నిద్రలో వచ్చేది అని రాస్తే, "రెండూ చేతికి చిక్కినట్టే చిక్కి జారిపోతాయి, తేడా ఏముంది?" అని జవాబు రాసింది. పదహారేళ్ల పిల్ల!

వాళ్లకు 'మే' ఉంది గానీ 'మనం' లేదు. నాకది ఎంత చెప్పినా చెప్పడం వచ్చేది కాదు. చివరికి ఇలా రాశాను: 'మేము సినిమాకి వెళ్తున్నాం' అంటే నువ్వు ఇంట్లో ఉండు అని, 'మనం సినిమాకి వెళ్తున్నాం' అంటే చెప్పులు తొడుక్కో అని. ఆ తరువాతి ఉత్తరం నుంచీ ఇంగ్లీషు వాక్యం మధ్యలో 'మనం' అని రాయడం మొదలుపెట్టింది. ఇప్పటికీ మానలేదు.

ఇంకో విషయం మాత్రం ఏడాది దాకా దాచిపెట్టాను. వాళ్ల భాషలో ఆడవాళ్లకూ మగవాళ్లకూ కలిపి ఒకటే మాట, 'హాన్'. అతడూ హానే, ఆమే హానే. మరి మనకో? ఆయన వచ్చాడు, ఆవిడ వచ్చింది, ఆవు వచ్చింది! ఇది రాయడానికి నాకెందుకో చెయ్యి రాలేదు. రాశాక తను చాలాసేపు నవ్వుకున్నానని జవాబిచ్చింది. నాకు నవ్వు రాలేదు.

భాషల కట్టుబడిలో మాత్రం పోలిక నిజంగానే ఉంది. 'తలో' అంటే ఇల్లు, 'తలొస్స' అంటే ఇంట్లో, 'తలొస్త' అంటే ఇంట్లోంచి. మనలాగే మాటకు తోకలు అతికించుకుంటూ పోతారు. మాటలు చాలావరకు అచ్చులతోనే ముగుస్తాయి. కాల్డ్వెల్ దొర 1856లో ద్రావిడ భాషల వ్యాకరణం రాస్తూ, ఫిన్నిషు వంటి భాషలకూ మనకూ చుట్టరికం ఉందని వాదించాడు. ఆ తరువాతి పండితులు ఒప్పుకోలేదనుకోండి. ఇద్దరు మనుషులకు ముక్కు ఒకేలా ఉన్నంత మాత్రాన అక్కచెల్లెళ్లవుతారా?

మాటల దగ్గర్నుంచి గొప్పల దగ్గరికి వచ్చాం. నేనే మొదలుపెట్టాను. మా నన్నయగారు 11వ శతాబ్దంలోనే భారతం మొదలుపెట్టారు, మీకు ఎప్పణ్ణించి పుస్తకాలున్నాయని అడిగాను. తను దాచకుండా రాసింది. ఫిన్నిషులో మొట్టమొదటి పుస్తకం మికాయెల్ అగ్రికోలా అనే మతగురువు 1543లో అచ్చు వేయించిన అక్షరాల పుస్తకం. అంతకు ముందు ఏమీ లేదు. అయిదు వందల ఏళ్ల తేడా! ఆ ఉత్తరాన్ని క్లాసులో అందరికీ చూపించాను. ఆ కింది పేరా చూపించలేదు. అందులో ఏముందంటే, వాళ్లని స్వీడను రాజులేలుతున్న రోజుల్లో, 1686లో, ఒక చట్టం వచ్చింది. చర్చిలో చదువు పరీక్ష ఇచ్చి నెగ్గాల్సిందే. అది నెగ్గనిదే పెళ్లి కాదు, ఆడపిల్లకైనా మగపిల్లాడికైనా. అందువల్ల తన ముత్తవ్వకు, ఆవిడ అవ్వకు కూడా చదవడం వచ్చు. "మీ అమ్మమ్మ ఏం చదివేది?" అని చివర్లో అమాయకంగా అడిగింది.

1971 జనాభా లెక్కల్లో మన దేశంలో చదువొచ్చిన ఆడవాళ్లు వందకు 22 మంది. మా అమ్మమ్మ ఆ 22లో లేదు. నన్నయగారు ఉండి ఆవిడకేం ఒరిగింది? ఆ ఉత్తరానికి జవాబు రాయడానికి నెల పట్టింది. చివరికి ఉన్నమాటే రాశాను. మా అమ్మమ్మకు చదవడం రాదు, పాడటం వచ్చు. బతుకమ్మ తొమ్మిది రోజులూ పాడిన పాట పాడకుండా పాడుతుంది. ఊర్మిళ నిద్ర పాట ఎత్తుకుంటే దంచిన వడ్లు చెరిగేదాకా ముగియదు.

చూశారా, ఇబ్బంది పడుతూ రాసిన ఆ ముక్కే మా స్నేహాన్ని మలుపు తిప్పింది. పదిహేను పేజీల ఉత్తరం వచ్చింది, తిరుగు టపాలోనే. వాళ్ల ఊరి గొప్పంతా అందులో ఉంది.

కయానిలో 1833 నుంచి ఇరవై ఏళ్లు ఎలియాస్ లోన్‌రోట్ అనే ఆయన డాక్టరుగా పనిచేశాడు. దర్జీ కొడుకు. రోగుల్ని చూడగా మిగిలిన కాలంలో కాలినడకన, పడవ మీద, మంచు బండి మీద పల్లెలు తిరిగి, చదువురాని ముసలివాళ్లు పాడే పాటలు రాసుకున్నాడు. వాటిని కూర్చి 1835లో కలేవల అనే కావ్యం అచ్చు వేయించాడు. 1849లో దాన్ని 50 పాటల కావ్యంగా పెంచాడు. ఆ మధ్యలో, 1840లో, కంటెలెతార్ అని ఇంకో పాటల పుస్తకం. అందులో ఎక్కువ భాగం ఆడవాళ్లవే. దంపుళ్లూ జోలలూ అత్తింటి కష్టాలూ. అంతదాకా "మాకేముంది, స్వీడిషు వాళ్లకుంది గానీ" అనుకున్న జాతి, కలేవల వచ్చాక తల ఎత్తుకుంది.

నాకు వెంటనే బ్రౌన్ దొర గుర్తొచ్చాడు. సి.పి. బ్రౌన్ కడపలో తన బంగళాలో పండితులకు జీతాలిచ్చి తాళపత్రాలు సేకరించి, మూలపడిన కావ్యాల్ని శుద్ధప్రతులు రాయించిన సంగతి మనం బళ్లో చదువుకున్నదే. వేమన పద్యాలు 1829లో అచ్చు వేయించాడు, తెలుగు-ఇంగ్లీషు నిఘంటువు 1852లో తెచ్చాడు. లోన్‌రోట్ కూడా నిఘంటువు చేశాడు, ఫిన్నిషుకూ స్వీడిషుకూ. బ్రౌన్ పుట్టింది 1798లో, లోన్‌రోట్ 1802లో. ఇద్దరూ పోయింది ఒకే సంవత్సరం, 1884. ఒకరి పేరు ఒకరు విని ఉండరు. మా ఇద్దరికీ తెలిసి, ఇద్దరు పెద్దాయనల్నీ కలిపినట్టు మహా సంబరపడ్డాం. తేడా కూడా ఉందని నాకు తరువాత తట్టింది. బ్రౌన్ ఎక్కువగా వెతికింది రాసి ఉన్నదాన్ని, లోన్‌రోట్ వెతికింది నోట ఉన్నదాన్ని. మన నోటిపాటల మీద బిరుదురాజు రామరాజుగారు ఉస్మానియాలో పరిశోధన చేసి పట్టా అందుకునేసరికి 1950లు వచ్చేశాయి. ఆయనా మా ఓరుగల్లు వైపు మనిషే.

కలేవలలో ఐనో అనే పిల్ల కథ ఉంది. వైనమొయినెన్ అని ఒక ముసలి గాయకుడు. మంత్రాలు పాడి గెలవగలడు. ఐనో అన్న ఆయనతో పోటీకి దిగి ఓడి, బురదలో కూరుకుపోతూ ప్రాణభయంతో "మా చెల్లెల్నిస్తాను, వదిలిపెట్టు" అంటాడు. ఇంటికొచ్చి చెబితే తల్లి ఏడవలేదు సరికదా, ఇంత గొప్ప సంబంధమా అని మురిసిపోయింది. ఏడ్చింది పిల్ల ఒక్కతే. నగలు పెట్టుకో, మంచి బట్టలు కట్టుకో అంటే, కట్టుకుని నీళ్ల ఒడ్డుకు వెళ్లి, మళ్లీ రాలేదు. తరువాత ఆ ముసలాయనకు గాలంలో ఒక వింత చేప పడింది. కోయబోతే జారి నీళ్లలోకి దూకి, "నేను చేపను కాను, ఐనోను" అని ఎగతాళి చేసి వెళ్లిపోయింది.

ఈ కథ చదువుతుంటే నా గుండె ఆగినంత పనయింది. మీకూ గుర్తొచ్చే ఉంటుంది. మన గురజాడవారి పూర్ణమ్మ! తండ్రి డబ్బుకు ఆశపడి ముసలి మొగుడికి కట్టబెడితే, అత్తవారింటికి తీసుకెళ్లడానికి వాడు వచ్చిన రోజున, నగలు పెట్టుకుని, అందరికీ దండాలు పెట్టి, దుర్గగుడి కొలనుకు వెళ్లి తిరిగిరాని పూర్ణమ్మ. ఎక్కడ విజయనగరం, ఎక్కడ ఆ మంచుదేశం! 1915లో కన్నుమూసిన గురజాడ కలేవల చూసి రాశారని నేనననుగానీ, చూడక్కర్లేదని మాత్రం అంటాను. ముసలివాడికి పిల్లనివ్వడం, పిల్ల నీళ్లలో పడటం చూడ్డానికి పుస్తకాలెందుకు? ప్రతి ఊళ్లో ఒక బావి ఉండేది.

పూర్ణమ్మ కథ నేను ఇంగ్లీషులో రాసి పంపితే ఆ పిల్ల వాళ్లమ్మకు ఫిన్నిషులో చదివి వినిపించిందట. వాళ్లమ్మ మళ్లీ చదవమందట. అక్కడ ఐనో చచ్చాక ఆ తల్లి ఏడ్చిన ఏడుపు ఏర్లై పారిందనీ, ఇష్టంలేని పిల్లల్ని ఎవరూ ఇలా తరిమి పెళ్లి చెయ్యొద్దని మిగతా తల్లులకు చెప్పుకుందనీ ఉంది. పూర్ణమ్మ తల్లి ఏమందో మనకు పెద్దగా తెలియదు. వాళ్లమ్మ అడిగిన ప్రశ్న అదే.

లారిన్ పరాస్కే అనే ఆవిడ గురించి కూడా అప్పుడే తెలిసింది. చదువురాని బీద పల్లెటూరి మనిషి. 1904లో పోయింది. ఒక మతగురువు కూచుని రాసుకుంటుంటే ఆవిడ పాడిన పాటలు 32 వేల పాదాలకు పైమాటే. చిత్రకారులు ఆవిడ బొమ్మలు గీశారు. అయినా చివరి రోజులు దరిద్రంలోనే గడిచాయట. పాట ఎవరింట్లోనూ పొయ్యి వెలిగించదు, ఎక్కడైనా అంతేనేమో. "మీ అమ్మమ్మ మీకు పరాస్కే. నువ్వు ఎందుకు రాసుకోవు?" అని ఆ ఉత్తరం ముగించింది. నేను రెండు వందల పేజీల నోటుబుక్కు కొన్నాను. అది 1977. దాని సంగతి మళ్లీ చెబుతాను.

ఇందాక స్వీడిషు మాట అన్నాను కదా. ఫిన్లాండును 1809 దాకా స్వీడను, ఆ తరువాత 1917 డిసెంబరు 6న స్వతంత్రం వచ్చేదాకా రష్యా ఏలాయి. రష్యా జారు ఏలుబడిలో కూడా కచేరీల భాష, చదువుకున్నవాళ్ల భాష స్వీడిషే. సొంత భాషలో అర్జీ పెట్టుకునే దారి లేదు. ఫిన్నిషులో పాఠాలు చెప్పే పెద్ద బడి మొదటిసారి పెట్టింది 1858లో, యువస్కులా అనే ఊళ్లో. 1863లో జారు ఒక ఫర్మానా ఇచ్చాడు, ఇరవై ఏళ్లలో కచేరీల్లో ఫిన్నిషుకు స్వీడిషుతో సమానమైన చోటివ్వాలని.

ఇది చదివితే మా నాయనకు కోపమే వచ్చింది, వాళ్ల మీద కాదు, మా మీదే. ఆయన ఇంట్లో మాట్లాడింది తెలుగు, బళ్లో చదివింది ఉర్దూ, ఆఫీసులో రాసింది ఇంగ్లీషు. నిజాం రాజ్యంలో మరి అంతే. 1921 నవంబరులో హైదరాబాదులో, కార్వేగారి అధ్యక్షతన జరిగిన సభలో ఆలంపల్లి వెంకట రామారావుగారు తెలుగులో మాట్లాడబోతే గేలి చేసి కూచోబెట్టారు. ఆ అవమానం లోంచే ఆంధ్ర జనసంఘం పుట్టింది. మా ఊళ్లో 1904లోనే రాజరాజ నరేంద్ర ఆంధ్రభాషా నిలయం పెట్టారు కాబట్టి మా నాయన లాంటివాళ్లకు తెలుగు చదివే చోటొకటి మిగిలింది. ఆయన తెలుగు నేర్చుకుంది బళ్లో కాదు, ఆ గ్రంథాలయంలో.

ఆడవాళ్ల విషయంలో మాత్రం నేను పోటీకి దిగలేదు. వాళ్లకు 1906లో ఓటొచ్చింది. 1907లో 200 మంది సభ్యుల సభకు 19 మంది ఆడవాళ్లు గెలిచారు. ప్రపంచంలో అదే మొదలు. అందులో మీనా సిల్లన్‌పా అనే ఆవిడ ఇళ్లల్లో పనిచేసి బతికిన మనిషి, 1926లో మంత్రి అయింది! మనకు ముత్తులక్ష్మీరెడ్డిగారు మద్రాసు శాసనమండలిలో అడుగుపెట్టింది 1927లో.

చదువుల దగ్గర మా దారులు విడిపోయాయి. తను నర్సు చదువుకు వెళ్లింది. ఎముకల పేర్లు, మందుల లెక్కలు, అన్నీ వాళ్ల భాషలోనే. నేను పదో తరగతి దాకా తెలుగులో చదివి, ఇంటర్‌లో ఇంగ్లీషు మీడియంలో పడ్డాను. బయాలజీ క్లాసులో మొదటి మూడు నెలలూ నోరెత్తలేదు. బళ్లో చేతులెత్తి జవాబులు చెప్పిన పిల్లనే! 1968లో పెట్టిన తెలుగు అకాడమీ కాలేజీ పుస్తకాలు తెలుగులో వేస్తూనే ఉంది, కానీ మా కాలేజీలో వాటిని పట్టుకు తిరిగితే చిన్నచూపు. 1975లో హైదరాబాదులో ప్రపంచ తెలుగు మహాసభలు ఎంత ఘనంగా జరిగాయో నేను నాలుగు పేజీలు రాశాను. "అయితే నీ బయాలజీ కూడా ఇక తెలుగులో ఉంటుందా?" అని అడిగింది. వాళ్ల దేశం మొత్తం కలిపి ఇప్పటికీ 56 లక్షల మందే. మనం 2011 లెక్కల ప్రకారమే 8 కోట్ల 11 లక్షలు.

ఇక ప్రయాణాల ముచ్చట. తనకు రామప్ప గుడి చూడాలని. నీళ్లలో తేలే ఇటుకలతో గోపురం కట్టారని నేను రాసినప్పటి నుంచీ అదే పాట. నాకు అర్ధరాత్రి సూర్యుణ్ణి చూడాలని. కయానిలో అది కనిపించదట, ఇంకా ఉత్తరానికి వెళ్లాలి. వాళ్ల ఊళ్లో జూన్‌లో అర్ధరాత్రి పెరట్లో కూచుని పేపరు చదువుకోవచ్చు. డిసెంబరులో నాలుగు గంటలే పగలు. రాత్రి ఆకాశంలో వచ్చే ఆ రంగుల వెలుగులకు వాళ్ల భాషలో 'నక్క మంటలు' అని పేరు. తనకు పెళ్లయింది, నాకూ అయింది. పిల్లల ఫీజులు, ఇంటి అప్పు, అత్తగారి మంచం. ఉత్తరాలు ఏడాదికి రెండయ్యాయి. రామప్పకు 2021లో యునెస్కో గుర్తింపు వస్తే పేపరు కత్తిరించి పంపాను. నా కల ఇంకా గాలానికి పడలేదు, తనదీ అంతే.

చేపంటే ఇంకొకటి. హెల్సింకీ విశ్వవిద్యాలయం ఆచార్యుడు ఆస్కో పర్పోలా 1960ల నుంచీ సింధులోయ ముద్రల మీది రాతను చదవడానికి తంటాలు పడుతున్నాడు. అది ద్రావిడమని ఆయన వాదన. అందులో చేప బొమ్మ తరచుగా వస్తుంది. మీన్ అంటే చేప, పాత ద్రావిడంలో మీన్ అంటే చుక్క కూడా. కాబట్టి అక్కడ చేప గీసి చుక్క అని చదువుకున్నారంటాడు. అందరూ ఒప్పుకోలేదు. కానీ మా నాలుగు వేల ఏళ్ల నాటి చేపను చదవడానికి వాళ్ల దేశం మనిషి జీవితం ధారపోశాడని తెలిసి, 'మనం' అన్న మాటను ఈసారి నేను పెద్దక్షరాలతో రాసి పంపాను.

నోటుబుక్కు సంగతి చెబుతానన్నాను. పోయిన దసరాకు మా మనవరాలు హైదరాబాదు నుంచి వచ్చింది. తెలుగు చక్కగా మాట్లాడుతుంది, చదవాలంటే కూడబలుక్కోవాలి. నా స్నేహితురాలు ఫోనులో దానితో మాట్లాడి, పాటల్ని రికార్డు చేసి పంపమని ఒప్పించింది. నేను డబ్బాలోంచి పుస్తకం తీసి చదువుతూ, వచ్చినమటుకు పాడాను. పిల్ల ఫోను పట్టుకుని కూచుంది. ఊర్మిళ పాట సగంలో ఆగిపోయింది. నాకు ఎంత తన్నుకున్నా తరువాతి చరణం గుర్తురాలేదు. పేజీ తిప్పితే ఖాళీ. మనవరాలు పుస్తకం తన ఒళ్లోకి లాక్కుని, ఆ పేజీ అడుగున పెన్సిలుతో గీకిన చిన్న అక్షరాల్ని ఒక్కొక్కటే కూడబలుక్కుని చదివింది. అది నా పద్దెనిమిదేళ్ల దస్తూరీ. "అమ్మమ్మకు నిద్రొస్తోంది. మిగతాది రేపు."